జిరాఫీ వారి బ్యానర్

పాతకాలపు సినిమా ప్రియులకు ఒక ప్రశ్న. మీరు హాల్లోకి ఎప్పుడు వెళ్ళేవారు?

టైటిల్స్ అయ్యేలోగా వెళితే చాలులే అనుకునేవారు కొందరు. హీరో ఎంట్రీకి అందితే చాలనుకునేవారు మరికొందరు. ఇక మూడో రకం వారున్నారే, వాళ్ళు బ్యానర్ పడకముందే సీట్లో కూర్చుని వుండాలి! జెమినీ వారి కవల పిల్లలు బాకాలు వూదాలి. విజయా వారి జెండా ఎగరాలి. సురేష్ వారి 'ఎస్', 'పి' అక్షరాల మీద ఆ పిల్లలిద్దరూ నిలబడాలి. అప్పుడుగానీ టిక్కెట్టు డబ్బులు చెల్లినట్టు కాదు వాళ్ళకి.

మా నాన్నగారు ఈ మూడో రకంలో మొదటి వరసవారు. ఆయన సంగతి వేరే లెండి. తెనాలిలో ఒక సినిమా హాల్లో ఇరవై తొమ్మిదేళ్ళు ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా పనిచేశారు. వూళ్ళో ఏ సినిమా బ్యానరైనా అందరికంటే ముందు చూసేది ఆయనే. "బ్యానర్ అంటే ఇంటికి గుమ్మం లాంటిదిరా. గుమ్మం తొక్కకుండా ఇంట్లోకి దూకేవాణ్ణి ఏమంటారు?" అనేవారు.

అయితే ఈ వ్యాసం జెమినీ గురించీ కాదు, విజయా గురించీ కాదు. అమెరికాలో ఒక బొమ్మల దుకాణం వారి జిరాఫీ గురించి! సినిమా పత్రికలో బొమ్మల కొట్టు గోల ఏమిటని విసుక్కోకండి. మన తరానికి విజయా వారి జెండా ఎలాగో, అమెరికాలో పెరిగిన మా అమ్మాయి తరానికి ఆ జిరాఫీ అలాగ. ఇంతకీ దాన్ని మా ఇంట్లో కేసెట్‌కి ఎక్కించి నిలబెట్టింది ఎవరో కాదు, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాని మా తెనాలి ఆపరేటర్ గారే.

వెనక్కి తిరిగిన 'ఆర్'

దుకాణం పేరు 'టాయ్స్ ఆర్ అస్'. దాన్ని పెట్టినాయన చార్లెస్ లాజరస్. 1948లో వాషింగ్టన్ నగరంలో, తండ్రిగారి సైకిళ్ళ షాపులో, పసిపిల్లల తొట్లూ మంచాలూ అమ్మడంతో మొదలుపెట్టాడు. కొన్నాళ్ళకి ఆయనకో రహస్యం బోధపడింది. తొట్టి కొన్నవాళ్ళు రెండో బిడ్డకీ అదే తొట్టి వాడుకుంటారు, మళ్ళీ షాపు మొహం చూడరు. బొమ్మ కొన్నవాళ్ళో? అది విరుగుతుంది, పాతబడుతుంది, పిల్లవాడు ఇంకోటి కావాలంటాడు. బొమ్మ కొన్నవాడు మళ్ళీ వచ్చి తీరతాడు! 1957లో మేరీలాండ్ రాష్ట్రంలోని రాక్‌విల్‌లో అచ్చంగా బొమ్మలకే పెద్ద దుకాణం తెరిచాడు. పేరులో 'ఆర్' అనే ఇంగ్లీషు అక్షరాన్ని కావాలనే ఎడమ నుంచి కుడికి తిరగేసి రాయించాడు, పసిపిల్లలు రాసినట్టుగా.

ఆ దుకాణానికి జిరాఫీ గుర్తు. పేరు జాఫ్రీ. మొదట పత్రికా ప్రకటనల్లో బొమ్మగా వుండేది. 1973లో టి.వి. ప్రకటనల్లోకి వచ్చింది. తర్వాత దానికో సంసారాన్ని కూడా ఏర్పాటు చేశారు: భార్య జీజీ, ఒక కూతురు, ఒక కొడుకు. 2001లో ఆ జిరాఫీకి నిజం జిరాఫీ లాంటి యంత్రపు శరీరం వచ్చింది. తయారుచేసింది 'జురాసిక్ పార్క్' రాక్షసబల్లులకు ప్రాణం పోసిన స్టాన్ విన్‌స్టన్ స్టూడియో వారు. గొంతు ఇచ్చింది హాలీవుడ్ హీరో టామ్ హాంక్స్ తమ్ముడు జిమ్ హాంక్స్. చూశారా, మనం సినిమా దాటి ఎక్కడికీ పోలేదు!

మా కథ మాత్రం అంతకు పదిహేనేళ్ళు ముందటిది. ఆ రోజుల్లో టి.వి.లో తిరిగే జిరాఫీకి ఇంకా ఆ యంత్రపు శరీరం రాలేదు.

డిసెంబరు నెల సినిమాలు

నేను 1981లో న్యూజెర్సీ వచ్చాను. ఇక్కడ సంక్రాంతి సినిమాలు లేవుగానీ, క్రిస్మస్‌కి టి.వి.లో వచ్చే పిల్లల చిత్రాలకి అంతకు తగ్గని సందడి వుంటుంది. వాటిలో పెద్దన్న 'రుడాల్ఫ్'. ఎర్రముక్కు వున్న చిన్న దుప్పిని తోటి దుప్పులు గేలిచేస్తే, చివరికి మంచు తుఫానులో ఆ ముక్కు వెలుగే దారి చూపిస్తుంది. అంతే కథ. 1964 డిసెంబరు 6న ఎన్.బి.సి.లో మొదటిసారి వచ్చింది. తీసింది అమెరికాలో ర్యాంకిన్-బాస్ సంస్థ. బొమ్మల్ని కొంచెం కొంచెం కదుపుతూ ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ చిత్రీకరించింది జపాన్‌లో మొచినాగా గారి స్టూడియో. గొంతులు రికార్డు చేసింది కెనడాలోని టొరంటోలో. 1972 నుంచి సి.బి.ఎస్.లో ఏటేటా వేశారు. 2024లో తిరిగి ఎన్.బి.సి. గూటికి చేరింది.

ఈ చిత్రానికీ ప్రకటనలకీ పుట్టుకతోనే చుట్టరికం. మొదటి ప్రసారానికి డబ్బు పెట్టింది జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ. చిత్రంలో బొమ్మలు తయారుచేసే మరుగుజ్జులే మధ్యమధ్య ప్రకటనల్లోకి వచ్చి ఆ కంపెనీ వారి వస్తువులు చూపించారు. కథ ఎక్కడ ఆగిందో, వ్యాపారం ఎక్కడ మొదలైందో పిల్లలకేం తెలుస్తుంది?

ఇంకో ముచ్చట. ఆ చిత్రంలో ఎవరికీ అక్కర్లేని బొమ్మలుండే దీవి ఒకటుంది. ఏదో ఒక లోపంతో పుట్టిన బొమ్మలన్నీ అక్కడ పడివుంటాయి. 1964లో వేసినప్పుడు వాటిని చివర్లో ఎవరూ తీసుకెళ్ళలేదు. 'పాపం, వాటి సంగతేమిటి?' అంటూ ప్రేక్షకులు ఉత్తరాలు రాశారు. మరుసటి ఏడాది ఆ బొమ్మల్ని తీసుకెళ్ళే ఘట్టం కలిపారు. ప్రేక్షకుడి ఉత్తరానికి అంత విలువ వుండేదన్నమాట!

ఆపరేటర్ గారి అమెరికా యాత్ర

1986 నవంబరులో నాన్నగారు మా దగ్గరికి వచ్చారు. అప్పటికి రిటైరై రెండేళ్ళు. అమ్మ పోయి ఏడాది. మా అమ్మాయికి అయిదేళ్ళు. దానికి తెలుగు అర్థమయ్యేది గానీ నోట పలికేది కాదు. ఆయనకి ఇంగ్లీషు అర్థమూ కాదు, పలకనూ లేరు. తాతామనవరాళ్ళిద్దరూ సోఫాకి చెరో చివర కూర్చుని బెరుగ్గా నవ్వుకునేవాళ్ళు. మేమిద్దరం ఉద్యోగాలకి పోతే, బడి నుంచి వచ్చిన పిల్లతో సాయంత్రం రెండు గంటలు ఆయనే. మాట లేకుండా రెండు గంటలంటే మాటలు కాదు!

ఒకరోజు టి.వి.లో జిరాఫీ ప్రకటన వచ్చింది. చివర్న రంగురంగుల అక్షరాలు వరసగా వచ్చి నిలబడ్డాయి. నాన్నగారు ఒక్కసారి ముందుకు వంగి, "అరెరె! స్లైడు తిరగేసి పెట్టారర్రా!" అని కేక పెట్టారు.

ఈ తరం వారి కోసం కాస్త చెప్పాలి. ఆ రోజుల్లో సినిమాకి ముందూ, ఇంటర్వెల్‌లోనూ గాజుపలకల స్లైడ్లు వేసేవారు. బట్టల కొట్టు, బీడీలు, బంగారం షాపు, 'పొగ త్రాగరాదు' వగైరా. ఆపరేటర్ తొందరలో పలకని తిరగేసి పెట్టాడా, అక్షరాలు అద్దంలో చూసినట్టు పడేవి. ఇక నేల టిక్కెట్ల వాళ్ళ ఈలలు వినాలి! అందుకే ఆయన కన్ను ముందుగా పడింది ఆ తిరగబడ్డ అక్షరం మీద. ఇంగ్లీషులో ఆయనకి బాగా తెలిసిన అక్షరం కూడా అదే. రీలు డబ్బాల మీద నంబరు పక్కన వుండేది 'ఆర్' కదా!

మా అమ్మాయి పరుగెత్తి టి.వి. దగ్గరికి వెళ్ళి, ఆ అక్షరం మీద వేలు పెట్టి, "తాతయ్యా... వెనక్కి!" అంది. అదీ ఆయనతో అది నోరు విప్పి మాట్లాడిన మొదటి తెలుగు మాట.

దానికీ ఓ కారణం వుంది. బళ్ళో అది 'ఆర్' అక్షరాన్ని తిరగేసి రాస్తోందని టీచరు ఎర్రసిరాతో సున్నా చుట్టి పంపించేది. అంత పెద్ద దుకాణం వాళ్ళే తిరగేసి రాస్తుంటే దీన్నెందుకంటారని తాతగారి వాదన! ఆ రోజు నుంచి జిరాఫీ కనబడితే చాలు, ఇద్దరూ ఒకేసారి "వెనక్కి!" అని అరవడం ఆటైపోయింది. ఆ ఒక్క మాటలోంచి ముందుకీ, పైకీ, కిందకీ వచ్చాయి. తర్వాత రంగులు. ఆ తర్వాత జంతువులు. జనవరి నాటికి పిల్ల తాతగారితో పోట్లాడేటంత తెలుగు నేర్చింది.

పద్దెనిమిది డాలర్ల మెడ

ఇంత ముచ్చటలోనూ ఓ ముల్లు లేకపోలేదు. టి.వి.లో జిరాఫీ వచ్చేది ఇల్లు నవ్వించడానికి కాదు, బొమ్మలు అమ్మడానికి. ఆ కంపెనీకైనా, మరే బొమ్మల కంపెనీకైనా ఏడాది అమ్మకాల్లో పెద్ద వాటా క్రిస్మస్ ముందు ఆ కొద్ది వారాల్లోనే. ప్రకటన పడ్డ ప్రతిసారీ మా అమ్మాయి జిరాఫీ బొమ్మ కొనమని అడిగేది.

ఒక శనివారం అందరం ఆ దుకాణానికి వెళ్ళాం. కప్పు దాకా బొమ్మలు! వీడియో గేములైతే అరల్లో వుండేవి కావు. బొమ్మ చూసి, దాని కింద సంచిలోంచి ఒక కాగితం చీటీ తీసుకుని, డబ్బు కట్టి, ఆ రసీదు పట్టుకెళితే పక్క గదిలోంచి తెచ్చి ఇచ్చేవారు. "మన బాల్కనీ టిక్కెట్టు కంటే కట్టుదిట్టంగా వుందే" అన్నారు నాన్నగారు. గుడ్డ జిరాఫీ ధర పద్దెనిమిది డాలర్లు. డాలరు అప్పట్లో పన్నెండు, పదమూడు రూపాయల మధ్య. ఆయన నోట్లోనే లెక్క వేశారు. తను ఆపరేటర్‌గా చేరినప్పటి జీతం అరవై రూపాయలు. "దగ్గర దగ్గర నాలుగు నెలల జీతంరా దీని మెడ!" అన్నారు.

మేం కొనలేదు. ఆ ఏడే మా చెల్లెలి పెళ్ళి. నెలనెలా ఇంటికి డబ్బు పంపుతున్నాను. ఆ డబ్బు అందుకునేది నాన్నగారే గనక లెక్క ఆయనకీ తెలుసు. దారి పొడుగునా కారులో ఎవరమూ మాట్లాడలేదు.

మర్నాడు ఆయన ఒక పాత ఫోటో ఫ్రేమ్ అద్దం తీసి, నల్లసిరాతో జిరాఫీ గీశారు. దాని పక్కన మనవరాలి పేరు తెలుగులో, ఒక్క అక్షరం తిరగేసి! రాత్రి దీపాలు ఆర్పి, ఆ అద్దాన్ని తలకిందులుగా పట్టుకుని, వెనక టార్చిలైటు, ముందు భూతద్దం పెట్టారు. తలకిందులుగా పట్టుకుంటేనే గోడ మీద నిటారుగా పడుతుంది, అదీ ఆపరేటర్ విద్య. మా హాలు గోడంత జిరాఫీ! మా అమ్మాయి ఈల వేయబోయింది గానీ రాలేదు. తాతగారే వేశారు.

చేంజోవర్

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మా ఇంట్లో వి.సి.ఆర్. వుండేది. టి.వి. కార్యక్రమాన్ని ఇంట్లో చూసుకోవడానికి రికార్డు చేసుకోవడం నేరం కాదని అమెరికా సుప్రీంకోర్టు 1984 జనవరి 17న తీర్పు చెప్పింది, అయిదుగురు అవునంటే నలుగురు కాదన్నారు. అక్కణ్ణించి ఇంటింటా ఇదే పని. మా ఇంట్లో రెండు రకాల కేసెట్లు వుండేవి. ఇండియన్ కిరాణా కొట్లో అద్దెకి తెచ్చుకునే తెలుగు సినిమాలు ఒకటి. వాటిలో ఎన్.టి.ఆర్. డైలాగు చెబుతుంటే తెర అడుగున ఏ చీరల కొట్టు ఫోన్ నంబరో పాకుతూ పోయేది! రెండోది మేం టి.వి. నుంచి ఎక్కించుకున్నవి.

ఆ డిసెంబరులో 'రుడాల్ఫ్' వచ్చే రోజు మా ఆవిడ నాన్నగారికి పని అప్పగించింది. "మామయ్యగారూ, ప్రకటన వచ్చినప్పుడు ఈ బటన్ నొక్కండి, రికార్డు ఆగుతుంది. కథ రాగానే మళ్ళీ నొక్కండి. ముఖ్యంగా ఆ జిరాఫీ మాత్రం పడకూడదు. కేసెట్ పెట్టినప్పుడల్లా పిల్ల దానికోసం ఏడుస్తుంది" అని చెప్పింది. ఆవిడ మాటలోనూ న్యాయం వుంది.

ఆయన కుర్చీ టి.వి. దగ్గరికి లాక్కుని కూర్చున్నారు. భాష రాకపోతేనేం? ప్రకటనకి ముందు తెర ఒక్క క్షణం నల్లబడుతుంది. ఆ క్షణం చాలు ఆయనకి. ప్రొజెక్టర్ల కాలంలో ఒక రీలు అయిపోయే ముందు తెర మీద కుడివైపు పైమూల చిన్న చుక్క మెరుస్తుంది. అది చూసి మొదటి మిషన్ ఆపి రెండో మిషన్ అందుకోవాలి. దాన్నే చేంజోవర్ అంటారు. హాల్లో ఎవరికీ తెలియకుండా రోజుకి మూడు ఆటలు, ఇరవై తొమ్మిదేళ్ళు చేసిన చెయ్యి అది! కార్ల ప్రకటన పోయింది, సబ్బులు పోయాయి, కాఫీ పోయింది. నాలుగు విరామాలు నీటుగా తెగిపోయాయి.

అయిదో విరామంలో జిరాఫీ వచ్చింది. రికార్డు ఆగి వుంది. ఆయన ఒకసారి కోడలి వైపు చూశారు, ఒకసారి మనవరాలి వైపు చూశారు. బటన్ నొక్కారు. జిరాఫీ కేసెట్‌లోకి ఎక్కేసింది!

మా ఆవిడ "అదేమిటి మామయ్యగారూ!" అంది. ఆయన తల తిప్పకుండానే, "బొమ్మ కొనలేదు సరే, బ్యానర్ కూడా కత్తిరిస్తే ఎట్లాగమ్మాయ్?" అన్నారు. మా ఆవిడ ఇంకేమీ అనలేదు.

చిత్రమేమిటంటే, ఆ కేసెట్ ఎన్నిసార్లు వేసినా మా అమ్మాయి మళ్ళీ బొమ్మ అడగలేదు. జిరాఫీ వస్తే "వెనక్కి!" అనేది. అంతే.

మూతపడిన గుమ్మం

నాన్నగారు మార్చిలో తెనాలి వెళ్ళిపోయారు. 1991లో కాలం చేశారు. గాజుపలక మేం ఇల్లు మారినప్పుడు పగిలిపోయింది. కేసెట్ మిగిలింది.

ఆ దుకాణాల కథ కూడా ముగిసింది. న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో లోపలే రంగులరాట్నం తిరిగే పెద్ద షాపు 2001లో తెరిచి 2015 ఆఖరున మూసేశారు. 2005లో మూడు పెట్టుబడి సంస్థలు కలిసి కంపెనీని కొన్నప్పుడు నెత్తిన పడ్డ అప్పు ఎప్పటికీ దిగలేదు. 2017 సెప్టెంబరులో దివాలా కోర్టుకెక్కింది. 2018 మార్చిలో అమెరికాలోని దుకాణాలన్నీ మూసేస్తున్నట్టు ప్రకటించిన వారానికే, చార్లెస్ లాజరస్ 94వ ఏట కన్నుమూశాడు. జూన్ నెలాఖరుకి అన్నిటికీ తాళాలు పడ్డాయి. ఆ పేరుతో 2021 డిసెంబరులో మళ్ళీ మా న్యూజెర్సీలోనే అమెరికన్ డ్రీమ్ మాల్‌లో పెద్ద షాపు తెరిచారు గానీ, ఆ పాత గొలుసు తెగిపోయినట్టే.

మూసేసే ముందు మా అమ్మాయి తన కొడుకుని తీసుకుని మా పాత దుకాణానికి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. బొమ్మలతో పాటు అరలకి కూడా ధర చీటీలు అంటించారు. గుడ్డ జిరాఫీలు ఒక్కటీ మిగల్లేదు. ముప్ఫయ్యేడేళ్ళ మా అమ్మాయి బోర్డు కింద నిలబడి, ఆ 'ఆర్' వైపు వేలు చూపించి, కొడుకుతో "వెనక్కి" అంది. వాడికి అర్థం కాలేదు. అప్పుడు తాతగారి కథ చెప్పాల్సి వచ్చింది.

మరుసటి ఏడాది ఆ కేసెట్‌ని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ఒక కుర్రాడికిచ్చాను. రెండు రోజుల తర్వాత ఫోన్ చేశాడు. "అంకుల్, ఇందులో అయిదు చోట్ల జంపులున్నాయి. సినిమా మంచి ప్రింటు ఎక్కడైనా దొరుకుతుంది. మధ్యలో జిరాఫీ ప్రకటన మొదలు కూడా తెగిపోయింది, సగంలోంచి వస్తోంది. పూర్తిది ఇంటర్నెట్‌లో వెతికి అతికించమంటారా?" అన్నాడు. మంచి మనసుతోనే అడిగాడు పాపం.

ఏదీ ముట్టుకోవద్దన్నాను. జిరాఫీని చూసి, కోడలి వైపు, మనవరాలి వైపు చూసి బటన్ నొక్కడానికి ఆయనకి పట్టిన వ్యవధి ఎంతో, సరిగ్గా అంత మేర తెగిపోయింది ఆ ప్రకటన. మా నాన్నగారికి రికార్డు చేసిన గొంతు లేదు, కదిలే బొమ్మ లేదు. ఇరవై తొమ్మిదేళ్ళు ఇతరుల సినిమాలు ఆడించినాయనకి మా ఇంట్లో మిగిలింది ఆ అయిదు జంపులే.

పాఠకులారా, మీ ఇళ్ళల్లో పాత కేసెట్లుంటే అటక మీంచి దింపండి. టేపు మీది పూత ఏళ్ళు గడిచేకొద్దీ పాడవుతుంది. వి.సి.ఆర్.లు తయారుచేస్తున్న ఆఖరి కంపెనీ, జపాన్ వారి ఫ్యూనై, 2016 జూలైలో ఆ పని మానేసింది. మిషన్ దొరికినప్పుడే ఎక్కించుకోండి. ఎక్కించేవాడు ప్రకటనలు తీసేయమంటారా అని అడుగుతాడు. వద్దనండి. సినిమా ఎక్కడైనా దొరుకుతుంది.